ఫైల్ మారితే కబురు పంపే కెర్నల్

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో రోగుల నమోదు, అపాయింట్‌మెంట్లు, అడ్మిషన్లు, పరీక్షల రిపోర్టులు చూసుకునే ఈ-హాస్పిటల్ వ్యవస్థ నిలిచిపోయింది. దేశం నలుమూలల నుంచి వచ్చే రోగులకు ఓపీ చీటీలు చేత్తో రాసివ్వాల్సి వచ్చింది. రక్తపరీక్షల ఫలితాలు మళ్లీ కాగితాల మీదికి వచ్చాయి. సర్వర్లలోని ఫైళ్లను గుర్తుతెలియని వ్యక్తులు రహస్య సంకేతాల్లోకి మార్చేశారు. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం ఇలా చేతికందకుండా పోయిందని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

ఇలాంటి దాడులను రాన్సమ్‌వేర్ దాడులంటారు. సమాచారాన్ని తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడగడం వీటి పద్ధతి. ఈ తాళం వేయడం ఒక్క క్షణంలో జరిగిపోదు. దాడిచేసే ప్రోగ్రామ్ ఒక్కో ఫైల్‌ను తెరవాలి, చదవాలి, అందులోని అక్షరాలను తారుమారు చేసి తిరిగి రాయాలి, చాలాసార్లు పేరు కూడా మార్చాలి. వేల ఫైళ్లు, లక్షల ఫైళ్ల మీద ఇదే పని చేయాలి. ఇంత పని జరుగుతుంటే కంప్యూటర్‌లో ఎవరికీ తెలియదా? ఒకరికి కచ్చితంగా తెలుస్తుంది. దాని పేరు కెర్నల్.

రికార్డు గది గుమాస్తా

విండోస్, లినక్స్, మాక్ ఓఎస్ వంటి ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ గుండెకాయ లాంటి భాగం కెర్నల్. ప్రాసెసర్, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ అన్నీ దాని అధీనంలోనే ఉంటాయి. ఉత్తరం టైప్ చేసే ప్రోగ్రామ్ అయినా, ఫొటోలు చూపే ప్రోగ్రామ్ అయినా డిస్క్‌ను నేరుగా తాకలేదు. ఫైల్ తెరవాలన్నా, రాయాలన్నా, తుడిచేయాలన్నా కెర్నల్‌ను అడగాల్సిందే. ఇలా అడగడాన్ని సిస్టమ్ కాల్ అంటారు.

పాతకాలపు సర్కారీ కార్యాలయంలో రికార్డు గదిని ఊహించుకుంటే ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. దస్త్రాలన్నీ లోపల ఉంటాయి. గది తలుపు దగ్గర ఒక గుమాస్తా కూర్చుని ఉంటాడు. ఏ దస్త్రం బయటికి వెళ్లాలన్నా, తిరిగి లోపలికి చేరాలన్నా ఆయన చేతుల మీదుగానే. పై గదిలోని అధికారికి ఒక దస్త్రం కదలికలు తెలియాలంటే రెండు దారులున్నాయి. పది నిమిషాలకోసారి కిందికి మనిషిని పంపి "ఆ ఫైల్ కదిలిందా?" అని అడిగించడం మొదటిది. "ఆ ఫైల్ కదిలితే నాకు కబురు పెట్టు" అని గుమాస్తాకు ఒకసారి చెప్పి ఉంచడం రెండోది.

కంప్యూటర్లలోనూ ఈ రెండు దారులే. మొదటిదాన్ని పోలింగ్ అంటారు. రాయడం తేలిక, నడపడం ఖర్చు. ఒక సర్వర్‌లో లక్ష ఫైళ్లున్నాయనుకుందాం. వాటిని 5 సెకన్లకోసారి తనిఖీ చేస్తే రోజుకు 17,280 విడతలు, అంటే 172.8 కోట్ల తనిఖీలు. రోజంతా మారింది పదే ఫైళ్లయినా ఈ శ్రమ తప్పదు. అంత చేసినా రెండు తనిఖీల మధ్య సృష్టించి, వెంటనే తుడిచేసిన ఫైల్ అసలు కంటికే చిక్కదు.

పోలింగ్ పూర్తిగా పనికిరానిదేమీ కాదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1992లో జీన్ కిమ్, జీన్ స్పాఫర్డ్ రూపొందించిన ట్రిప్‌వైర్ ఇదే బాటలో నడిచింది. ముఖ్యమైన ఫైళ్లకు వేలిముద్రల్లాంటి సంఖ్యలను ముందే లెక్కగట్టి దాచుకోవడం, తర్వాత మళ్లీ లెక్కగట్టి పోల్చడం దాని పద్ధతి. ఫైల్ మారిందని అది తేల్చి చెబుతుంది. కానీ రాత్రి ఒంటి గంటకు మారిన సంగతి ఉదయం ఆరింటి తనిఖీలో తెలిస్తే, మధ్యలోని ఐదు గంటలు దాడిచేసినవాడివే.

డీనోటిఫై నుంచి ఐనోటిఫై వరకు

రెండో దారిని లినక్స్ 2001లో వచ్చిన 2.4 కెర్నల్‌తో మొదలుపెట్టింది. దాని పేరు డీనోటిఫై. ఇందులో లోపాలు త్వరగానే బయటపడ్డాయి. ఏదో ఒక ఫోల్డర్‌లో మార్పు జరిగిందని చెప్పేది కానీ, ఏ ఫైలో చెప్పేది కాదు. దాంతో ప్రోగ్రామ్ ఆ ఫోల్డర్‌ను మొత్తం వెతుక్కోవాల్సి వచ్చేది. పైగా నిఘా ఉంచిన ప్రతి ఫోల్డర్‌నూ తెరిచి పట్టుకుని ఉండాలి. అలా పట్టుకున్నంతసేపూ పెన్‌డ్రైవ్ లాంటివాటిని కంప్యూటర్ నుంచి సవ్యంగా విడదీయడం కుదిరేది కాదు.

ఈ ఇబ్బందులు తీర్చడానికి జాన్ మెకచన్, రాబర్ట్ లవ్ రాసిన ఐనోటిఫై 2005 ఆగస్టులో విడుదలైన 2.6.13 కెర్నల్‌లో చేరింది. లినక్స్ కంప్యూటర్లలో నేటికీ విరివిగా వాడుతున్నది ఇదే. దీని పనితీరు మూడు అడుగుల్లో ముగుస్తుంది. మొదట ప్రోగ్రామ్ తనకొక కబుర్ల పెట్టె కావాలని కెర్నల్‌ను అడుగుతుంది. తర్వాత ఏ ఫోల్డర్ మీద, ఏయే రకాల మార్పుల మీద కన్నేయాలో చెబుతుంది. ఆపైన ఆ పెట్టెను చదవడానికి కూర్చుని నిద్రలోకి జారుకుంటుంది. ఆ నిద్రలో అది ప్రాసెసర్ సమయాన్ని వాడుకోదు. మార్పు జరిగిన వెంటనే కెర్నల్ పెట్టెలో చీటీ వేసి నిద్ర లేపుతుంది.

ఆ చీటీలో ఏముంటుంది? ఏ నిఘాకు సంబంధించిన కబురో తెలిపే సంఖ్య, ఏం జరిగిందో చెప్పే గుర్తు, ఫైల్ పేరు. ఫైల్ కొత్తగా పుట్టిందా, అందులో రాత జరిగిందా, రాసి మూసేశారా, తుడిచేశారా, వేరే చోటికి తరలించారా అన్నది విడివిడిగా తెలుస్తుంది. పేరు మారిస్తే పాత పేరుతో ఒకటి, కొత్త పేరుతో ఒకటి రెండు చీటీలు వస్తాయి. ఆ రెండూ ఒకే జంట అని తెలియడానికి రెండింటి మీదా ఒకే సంఖ్య ఉంటుంది.

రోజూ కంప్యూటర్ వాడేవారు ఈ కబుర్ల ఫలితాన్ని తెలియకుండానే అనుభవిస్తుంటారు. తెరిచి ఉంచిన ఫోల్డర్‌లోకి డౌన్‌లోడ్ అయిన ఫైల్ దానంతటదే కనిపించడం, ఇంట్లో సేవ్ చేసిన పత్రం కొద్ది క్షణాల్లో క్లౌడ్‌లోకి చేరిపోవడం, ప్రోగ్రామర్ ఒక వాక్యం మార్చగానే బ్రౌజర్‌లోని పేజీ మారిపోవడం వెనుక ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. ఇది లినక్స్‌కే పరిమితం కాదు. 2000లో ఫ్రీబీఎస్‌డీలో కేక్యూ వచ్చింది. 2007లో మాక్ ఓఎస్ టెన్ 10.5తో పాటు ఎఫ్ఎస్ ఈవెంట్స్ వచ్చింది. విండోస్‌లోనూ ఫోల్డర్ మార్పులు తెలిపే ఏర్పాటు ఉంది. పేర్లు వేరు, తలుపు దగ్గర గుమాస్తాను నమ్ముకునే పద్ధతి ఒకటే.

కబురు అందని చోట్లు

ఇంత చక్కని ఏర్పాటుకూ హద్దులున్నాయి. అవి తెలియకుండా దీన్ని నమ్ముకుంటే నిఘా ఉందన్న భ్రమ మాత్రమే మిగులుతుంది.

మొదటిది, ఐనోటిఫై ఒక ఫోల్డర్ మీద నిఘా వేస్తే దానిలోని ఉప ఫోల్డర్లకు అది వర్తించదు. ప్రతిదానికీ వేరుగా నిఘా వేయాలి. కొత్త ఉప ఫోల్డర్ పుట్టిందన్న చీటీ చదివి, దానిమీద నిఘా వేసేలోపే అందులో కొన్ని ఫైళ్లు చేరిపోవచ్చు. వాటి కబురు రాదు. అందుకే జాగ్రత్తగా రాసిన ప్రోగ్రామ్‌లు నిఘా వేసిన వెంటనే ఆ ఫోల్డర్‌ను ఒకసారి స్వయంగా చూసుకుంటాయి.

రెండోది, నిఘాల సంఖ్యకు పరిమితి ఉంటుంది. ప్రతి నిఘాకూ కెర్నల్ కొంత మెమరీ కేటాయించాలి కాబట్టి ఈ కట్టడి. చాలాకాలం ఒక్కో వాడుకరికి 8,192 నిఘాలే సాధారణ హద్దుగా ఉండేది. కొత్త కెర్నల్‌లు కంప్యూటర్‌లోని మెమరీని బట్టి దీన్ని పెంచుతున్నాయి. నోయిడా, గురుగ్రామ్ ఐటీ ఆఫీసుల్లో లినక్స్ మీద పెద్ద ప్రాజెక్టులు తెరిచే ప్రోగ్రామర్లకు 'నిఘాల హద్దు దాటింది' అనే సందేశం కొత్తదేమీ కాదు.

మూడోది అన్నిటికన్నా కీలకం. కబుర్ల పెట్టె కూడా నిండిపోతుంది. సాధారణంగా అందులో 16,384 చీటీలు పడతాయి. ప్రోగ్రామ్ చదివే వేగం కన్నా మార్పుల వేగం ఎక్కువైతే, ఆపైన వచ్చే చీటీలను కెర్నల్ పారేసి 'పెట్టె పొంగిపోయింది' అనే ఒక్క చీటీ మాత్రం వేస్తుంది. వేల ఫైళ్ల మీద ఒకేసారి దాడి జరిగే వేళే పెట్టె పొంగే అవకాశం ఎక్కువ. అంటే కబుర్లు అత్యవసరమైన క్షణంలోనే అవి తప్పిపోవచ్చు. అయితే పొంగడమే ఒక కబురు. ఆ చీటీని పట్టించుకోని ప్రోగ్రామ్ అంతా ప్రశాంతంగా ఉందనుకుంటుంది. పట్టించుకున్న ప్రోగ్రామ్ మొత్తాన్ని మళ్లీ తనిఖీ చేసుకుంటుంది. పోలింగ్ పనికిరానిది కాదనడానికి ఇదొక కారణం.

నాలుగోది, ఈ కంప్యూటర్ కెర్నల్ చేతుల మీదుగా జరగని మార్పు దానికి తెలియదు. ఆసుపత్రిలో వంద కంప్యూటర్లు ఒకే ఫైల్ సర్వర్‌ను వాడుతున్నాయనుకుందాం. ఒక కంప్యూటర్ నుంచి ఆ సర్వర్‌లో చేసిన మార్పు, పక్క గది కంప్యూటర్‌లోని ఐనోటిఫైకి తెలియదు. నిఘా సర్వర్‌లోనే ఉండాలి. ఫైల్‌ను మెమరీలోకి మ్యాప్ చేసుకుని అక్కడే మార్చే పద్ధతిలో రాసిన రాతలు కూడా ఐనోటిఫై కళ్లపడవు.

ఎప్పుడు? ఎవరు?

ఐనోటిఫై చీటీలో లేనివి మరో రెండున్నాయి. ఒకటి, మార్పు జరిగిన సమయం. రెండు, మార్పు చేసిందెవరన్నది.

సమయాన్ని నిఘా ప్రోగ్రామే తన కంప్యూటర్ గడియారం చూసి రాసుకోవాలి. ఆ గడియారం తప్పైతే నమోదైన సమయమూ తప్పే. ఒక సర్వర్ గడియారం నాలుగు నిమిషాలు ముందు, మరొకటి మూడు నిమిషాలు వెనుక ఉంటే, దాడి ఏ యంత్రంలో మొదలై ఏ యంత్రానికి పాకిందో దర్యాప్తులో తేల్చడం కష్టమవుతుంది. ఈ చిక్కుకు జవాబు ఢిల్లీలోనే ఉంది. భారత ప్రామాణిక కాలాన్ని నిర్వహించేది న్యూఢిల్లీలోని సీఎస్ఐఆర్ జాతీయ భౌతిక ప్రయోగశాల. సైబర్ దాడుల విషయాలు చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలు జారీచేసింది. కంప్యూటర్ వ్యవస్థల గడియారాలను జాతీయ భౌతిక ప్రయోగశాల లేదా నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ కాల సర్వర్లతో సరిచూసుకోవాలని వాటిలో ఉంది. సైబర్ ఘటనలను గమనించిన 6 గంటల్లోగా తెలపాలని, వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని కూడా ఉంది. ఆరు గంటల గడువు గమనించినప్పటి నుంచి లెక్క. గమనించడమే ఆలస్యమైతే గడువు ఎంత తక్కువగా పెట్టినా నష్టం ఆగదు.

రెండో ప్రశ్నకు లినక్స్‌లో ఫానోటిఫై జవాబిస్తుంది. ఎరిక్ పారిస్ రాసిన ఈ ఏర్పాటు 2010, 2011 ప్రాంతంలో కెర్నల్‌లోకి వచ్చింది. ఇది మార్పుతో పాటు దాన్ని చేసిన ప్రాసెస్ సంఖ్యను కూడా చెబుతుంది. ఒక్కో ఫోల్డర్‌ను పేర్కొనకుండా మొత్తం డిస్క్ భాగం మీద ఒకేసారి నిఘా వేయవచ్చు. ఫైళ్ల పుట్టుక, తొలగింపు, తరలింపు కబుర్లు 2019లో వచ్చిన 5.1 కెర్నల్ నుంచి దీనిలోనూ అందుతున్నాయి.

ఫానోటిఫైకి ఇంకో అధికారం ఉంది. ఐనోటిఫై జరిగిపోయినదాన్ని చెబుతుంది. ఫానోటిఫై కావాలంటే జరగబోయేదాన్ని ఆపగలదు. ఒక ఫైల్‌ను ఎవరైనా తెరవబోతే కెర్నల్ వారిని నిలబెట్టి, నిఘా ప్రోగ్రామ్‌ను "పంపమంటారా?" అని అడుగుతుంది. అది ఫైల్‌ను పరీక్షించి సరేనంటేనే తెరుచుకుంటుంది. యాంటీవైరస్ ప్రోగ్రామ్‌లకు ఇది ఎంతో ఉపయోగం. కానీ అధికారంతో పాటు ప్రమాదమూ వచ్చింది. అనుమతి ఇవ్వాల్సిన ప్రోగ్రామే మొరాయిస్తే, ఫైల్ కోసం నిలబడినవారంతా అలాగే నిలబడిపోతారు. అందుకే ఈ సౌకర్యం నిర్వాహక అధికారం ఉన్న ప్రోగ్రామ్‌లకే పరిమితం.

కాపలాదారు ఎక్కడ నిలబడాలి?

నిఘా ప్రోగ్రామ్ కెర్నల్ బయట ఉండి కబుర్లు అందుకోవాలా, కెర్నల్ లోపలే కూర్చోవాలా అన్న ప్రశ్న చాలాకాలం నిపుణుల చర్చలకే పరిమితమైంది. 2024 జూలై 19న అది సామాన్యుల ముందుకు వచ్చింది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఢిల్లీ ఇందిరాగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో కొన్ని సేవలకు అంతరాయం కలిగింది. హైదరాబాద్ నుంచి వెళ్లే ప్రయాణికుల చేతుల్లో పెన్నుతో రాసిన బోర్డింగ్ పాస్‌లు కనిపించాయి.

అది దాడి కాదు, కాపలా సాఫ్ట్‌వేర్‌లో దొర్లిన పొరపాటు. అంత నష్టం ఎందుకు జరిగిందంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం కెర్నల్ లోపల పనిచేస్తుంది. మామూలు ప్రోగ్రామ్ తప్పు చేస్తే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే ఆగిపోతుంది, మిగతా కంప్యూటర్ నడుస్తుంది. కెర్నల్ లోపలి భాగం తప్పు చేస్తే మొత్తం యంత్రమే ఆగిపోతుంది. పై గదిలోని అధికారి తప్పటడుగు వేస్తే ఆయనే పడతాడు. రికార్డు గది గోడ కూలితే దస్త్రాలన్నీ దాని కిందే.

అందుకే కెర్నల్ స్వయంగా కబుర్లు అందించే పద్ధతికి విలువ. నిఘా ప్రోగ్రామ్‌లు లోపలికి చొరబడాల్సిన పని లేకుండా, వాటికి కావాల్సిన సమాచారాన్ని కెర్నలే బయటికి పంపుతుంది. మాక్ కంప్యూటర్లలో భద్రతా సాఫ్ట్‌వేర్‌లను కెర్నల్ బయటికి తెచ్చే ఏర్పాటును యాపిల్ 2019లో ప్రవేశపెట్టింది. 2024 జూలై ఘటన తర్వాత మైక్రోసాఫ్ట్ కూడా అదే దారిలో మార్పులు ప్రకటించింది.

కబురు వచ్చాక

ఫైళ్ల కబుర్ల నుంచి రాన్సమ్‌వేర్‌ను గుర్తుపట్టడం ఎలా? ఒక్క ఫైల్ మారితే అది వైద్యుడి మామూలు పని కావచ్చు. ఒకే ప్రాసెస్ కొద్ది క్షణాల్లో వందల ఫైళ్లను మార్చి, వాటి పేర్ల చివర కొత్త అక్షరాలు తగిలిస్తే అనుమానించాలి. మామూలు పత్రంలో కొన్ని అక్షరాలు ఎక్కువగా, కొన్ని తక్కువగా వస్తాయి. సంకేతాల్లోకి మార్చిన ఫైల్‌లో ఆ పొందిక చెదిరి అంతా కలగాపులగంగా కనిపిస్తుంది. ఈ తేడాను లెక్కగట్టవచ్చు. అయితే జిప్ ఫైళ్లు, ఫొటోలు కూడా దాదాపు అలాగే కనిపిస్తాయి కాబట్టి ఈ ఒక్క లక్షణం చూసి తీర్పు చెప్పలేరు.

మరో ఉపాయం ఎర ఫైళ్లు. ఎవరికీ అవసరం లేని కొన్ని ఫైళ్లను అక్కడక్కడ ఉంచి వాటి మీద నిఘా వేస్తారు. పనిలో ఉన్న ఉద్యోగి వాటిని ముట్టుకోడు. వరసపెట్టి అన్నిటినీ తారుమారు చేసుకుంటూ వచ్చే ప్రోగ్రామ్ మాత్రం వాటినీ వదలదు. ఎర ఫైల్ మారిందన్న ఒక్క కబురు చాలు, ఆ ప్రాసెస్‌ను ఆపి, ఆ యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి విడదీయడానికి.

ఇక్కడే అసలు విషయం బోధపడుతుంది. కబురు వేరు, కాపలా వేరు. కెర్నల్ ఎంత త్వరగా చీటీ పంపినా దాన్ని అందుకుని చర్య తీసుకునే ఏర్పాటు లేకపోతే అది లాగ్‌లో ఒక వరసగా మిగిలిపోతుంది. దాడిచేసినవారు నిర్వాహక అధికారం సంపాదిస్తే ముందుగా నిఘా ప్రోగ్రామ్‌నే ఆపేయగలరు. కాబట్టి కబుర్లు ఎప్పటికప్పుడు వేరే యంత్రానికి చేరుతుండాలి. ఆ కబుర్లు ఉన్నట్టుండి ఆగిపోతే దాన్నీ ప్రమాద సూచనగానే చూడాలి.

ఎయిమ్స్ ఉదంతం మీద ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన మరో రెండు సంగతులు ఈ పాఠాన్ని పూర్తిచేస్తాయి. నెట్‌వర్క్‌ను సరైన విధంగా భాగాలుగా విడదీయకపోవడం దాడికి కారణమైంది. దాడి తాకని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ సమాచారాన్ని తిరిగి తెచ్చుకోగలిగారు. రోగుల నమోదు, అపాయింట్‌మెంట్ల వంటి సేవల్లో చాలావరకు రెండు వారాల తర్వాత మళ్లీ మొదలయ్యాయి. నెట్‌వర్క్ విభజన దాడి పాకే దూరాన్ని తగ్గిస్తుంది. దూరంగా దాచిన బ్యాకప్ పోయినదాన్ని తిరిగి ఇస్తుంది. కెర్నల్ పంపే కబురు ఈ రెండింటి మధ్య సమయాన్ని ఆదా చేస్తుంది. ఆసుపత్రి వరసలో నిలబడ్డ రోగికి కెర్నల్ పేరు తెలియనవసరం లేదు. ఆ సర్వర్లను చూసుకునేవారికి మాత్రం అది పంపే చీటీలో ఏముంటుందో, ఏముండదో తెలిసి ఉండాలి.